రొయ్యకు గుండె ఎక్కడుంటుంది

మా ఆయన తాగడు. ఈ మాట ముందు చెప్పి ఆ తర్వాత సంగతి మొదలుపెట్టడం నాకు అలవాటైపోయింది. లివర్ అనగానే ఎదుటివాళ్ళ చూపు ఆయన పొట్ట మీదకు వెళ్ళి, అక్కడి నుంచి జాలిగా నా ముఖం మీదకు వస్తుంది. ఒకసారి మైపాడు బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ నా చేయి పట్టుకుని, "మగోళ్ళంతా ఇంతేలేమ్మా, తాగి తాగి మన ఉసురు పోసుకుంటారు" అంది. నేను కాదనలేదు. నెల్లూరు దాకా ఆ ఓదార్పు వింటూనే కూర్చున్నాను. దిగేటప్పుడు మాత్రం, "మా ఆయన చుక్క ముట్టడమ్మా, అన్నం తింటాడు, అంతే" అన్నాను. ఆవిడ నమ్మలేదని ముఖం చూస్తేనే తెలిసింది. నాకేమీ అనిపించలేదు. ఈమధ్య నాకు ఏదీ పెద్దగా అనిపించడం లేదు. ఎందుకు అనిపించడం లేదో చెప్పాలంటే ఆయన లివర్ దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

మాది ఇందుకూరుపేట మండలంలో సముద్రానికి దగ్గరి ఊరు. నేను పెళ్ళయి వచ్చినప్పుడు ఇక్కడ వరి మడులుండేవి. తర్వాత అవి రొయ్యల గుంటలయ్యాయి. మా ఆయన రొయ్య రైతయ్యాడు, నేను రొయ్య రైతు పెళ్ళాన్నయ్యాను. పెళ్ళాం అంటే వండిపెట్టి ఇంట్లో కూర్చునే రకం కాదు నేను. ఆయన గట్ల మీద ఎంత తిరిగాడో నేనూ అంతే తిరిగాను, ఆయన్ని ఎంత తిట్టాలో అంతా ఆ గట్ల మీదే తిట్టాను. మా కొడుక్కు కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగం. షిఫ్టులు మారినప్పుడల్లా వచ్చి, "ఈ గుంటలు లీజుకిచ్చేయండి" అని చెప్పి, చేపల పులుసు తిని వెళ్తుంటాడు.

ఒక పెళ్ళి భోజనం తర్వాత మా ఆయనకు కుడి డొక్కలో పోటు మొదలైంది. గ్యాస్ అనుకున్నాం. సోడా తాగాడు, వాము నమిలాడు, తగ్గలేదు. నెల్లూరు తీసుకెళ్తే స్కానింగ్ చేసి, రాళ్ళేమీ లేవు గానీ లివర్‌కు కొవ్వు పట్టింది, ఫ్యాటీ లివర్ అన్నారు. మనిషి చూడబోతే లావేమీ కాదు. చేతులూ కాళ్ళూ సన్నం, పొట్ట మాత్రం ఆయనకన్నా ముందు నడుస్తుంది. డాక్టరు అన్నం తగ్గించమన్నాడు, నడవమన్నాడు, షుగరు అంచు మీద ఉందన్నాడు. మేం లేచి నిలబడ్డాక, "ఒకసారి గుండె డాక్టరుకు కూడా చూపించండి, ఎకో తీయించండి, లివర్ ఇట్లా ఉన్నవాళ్ళకు గుండె మీద ఒక కన్నేసి ఉంచడం మంచిది" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆయన మాత్రం అప్పటికే తలుపు దగ్గరున్నాడు.

బయటికొచ్చి నవ్వాడు. దిగులు పడతాడనుకుంటే నవ్వాడు. "లివరంటమే. లివర్ సంగతి నాకు చెప్తా ఉండాడు ఆయన" అన్నాడు.

ఆ నవ్వు ఎందుకో రొయ్యలు పెంచని వాళ్ళకు చెప్పాలి. గుంటలో గట్టు పక్కన ఒక వల పళ్ళెం దించి ఉంచుతాం. దాన్ని చెక్ ట్రే అంటాం. మేత వేసిన కాసేపటికి దాన్ని పైకి లాగితే రొయ్యలు మేత తిన్నాయో వదిలేశాయో తెలుస్తుంది, నాలుగు రొయ్యలు కూడా అందులో చిక్కుతాయి. ఒకదాన్ని పట్టుకుని వెలుతురుకు ఎత్తితే ఒళ్ళంతా గాజు ముక్కలా లోపలిదాకా కనిపిస్తుంది. తలలో ముదురు రంగు ముద్ద ఒకటి ఉంటుంది. అదే రొయ్య లివర్. అది నిండుగా, నల్లగా ఉంటే ఆ పూట నిమ్మళంగా కాఫీ తాగొచ్చు. పాలిపోయినా, చిక్కిపోయినా గుంటకు చేటొచ్చినట్టే. వెంటనే మేత సగానికి కోసేస్తాం, లివర్ టానిక్ కలుపుతాం. మా గట్ల మీద ఇద్దరు రైతులు ఎదురైతే "బాగుండావా" అని అడగరు. "లివర్లు ఎట్ట ఉండాయన్నా" అని అడుగుతారు.

అందుకని ఆయనకు ఫ్యాటీ లివర్ అంటే కొత్త జబ్బు అనిపించలేదు, పాత చుట్టం అనిపించింది. రొయ్యకు ఏం చేస్తాడో తనకూ అదే చేసుకున్నాడు. మర్నాటి నుంచి మేత కోత. రాత్రి అన్నం మానేశాడు, పగలు చారెడు సంగటి, మజ్జిగ. మందుల షాపులో టానిక్ తెచ్చుకున్నాడు. ఎవరో చెప్తే పొద్దున్నే నేల ఉసిరి నూరి మింగాడు. ఒకరోజు గుంటల కోసం తెచ్చిన లివర్ టానిక్ డబ్బా మూత తీసి వాసన చూస్తూ, "ఇదీ అదీ ఒకటేనంట గదా" అన్నాడు. నోట్లో పోసుకుంటే డబ్బాతో సహా గుంటలోకి తోస్తానన్నాను. నేను తోసే మనిషినేనని తెలుసు కాబట్టి మూత పెట్టేశాడు.

"గుండె డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోదాం" అని నేను అడుగుతూనే ఉన్నాను. "లివర్ బాగయితే అన్నీ బాగయినట్టేమే. రొయ్యకు లివరే ప్రాణం" అనేవాడు.

"నువ్వు రొయ్యవా?"

"రొయ్యకన్నా ఏం జాస్తిలే" అనేవాడు. ఆ మాటకు నవ్వొచ్చేది. నవ్వితే ఆయన గెలిచినట్టే. అట్లా చాలాసార్లు గెలిచాడు.

అన్నం తగ్గించాడు సరే, నోరు ఊరుకోవాలి గదా. సంగటిలోకి నంజుకునేవి పెరిగాయి. ఎండు నెత్తళ్ళ చేపలు వేయించమనేవాడు. ఆవకాయ, ఊరుమిరపకాయలు, అప్పడాలు. కడుపు సగం ఖాళీ పెట్టుకున్న మనిషి ఆ కాస్తయినా రుచిగా తినాలనుకుంటే ఎవరు కాదంటారు. వేయించి పెట్టాను. అన్నం గురించి డాక్టరు చెప్పాడు గానీ ఉప్పు గురించి అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

కొన్నాళ్ళకు మనిషిలో తేడా కనిపించడం మొదలైంది. గట్టు మీద నడుస్తూ నడుస్తూ ఆగేవాడు. ఆగినట్టు తెలియకుండా గుంటలోకి చూసేవాడు, నీళ్ళ రంగు పరీక్ష చేస్తున్నట్టు. మొదట నేనూ నీళ్ళే చూస్తున్నాడనుకున్నాను. తర్వాత కనిపెట్టాను, నీళ్ళలో చూడ్డానికేమీ లేని చోట కూడా ఆగుతున్నాడు. చెప్పులు విప్పితే పాదాల మీద పట్టీల గుర్తులు లోతుగా పడి, ఎంతసేపటికీ పోయేవి కావు. తలగడ ఒకటి చాలేది, రెండయ్యాయి, తర్వాత గోడకు ఆనుకుని కూర్చునే నిద్ర. "పడుకుంటే ఎగదన్నతాంది, గ్యాసు" అనేవాడు. తలనొప్పికి తలగడ మార్చినట్టు ఉంది నీ వైద్యం అన్నాను. ఇంకో తలగడ అడిగాడు.

పొట్ట కూడా తగ్గలేదు. తిండి సగమైంది, కాటా మీద మాత్రం బరువు పెరుగుతోంది. మేత కాటా మీదే నిలబడి చూసుకుని, "మేత లేకుండా బరువు పెరిగే రొయ్య యాడన్నా ఉండాదా? నేనుండా" అని గట్టు మీద వాళ్ళందరికీ చెప్పి నవ్వించాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ పూట ఇంటికొచ్చి, "నువ్వు గుండెకు చూపించుకోకపోతే నేను పుట్టింటికి పోతా" అన్నాను. పుట్టింట్లో ఎవరున్నారని పోతావు అన్నాడు. నిజమే, ఎవరూ లేరు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అనలేదు.

సరే, గుండెకు రాకపోతే పోనీ, లివర్‌కే మళ్ళీ స్కానింగ్ తీయిద్దాం రమ్మన్నాను. దానికి సంతోషంగా బయల్దేరాడు. అక్కడ డాక్టరు ఎట్లాగూ ఆయన ఆయాసం చూస్తాడు, తనే పంపిస్తాడు అని నా ఎత్తు. నా ఎత్తు పారలేదు. ఆ రోజు ఆ డాక్టరు ఊళ్ళో లేడు. స్కానింగ్ తీసినతను చూసి, ముందుకన్నా బాగా తగ్గింది అన్నాడు. అంతే. మా ఆయన ఆ మెట్లు దిగుతూ రెండు చోట్ల ఆగాడు, ముఖంలో మాత్రం రొయ్యల పట్టుబడి బాగా వచ్చిన రోజున ఉండే వెలుగు. దారిలో ఫోన్లు చేశాడు. వాళ్ళక్కకు చేశాడు, మేత కంపెనీ అతనికి చేశాడు, మావాడికి చేశాడు. "లివర్ బాగయిపొయ్యిందిరా" అని అరిచి చెప్పడానికి ఊపిరి చాలక, ఫోను నాకిచ్చి, మిగతాది నన్ను చెప్పమన్నాడు.

మావాడు ఫోనులో, "నాన్న గొంతేందమ్మా అట్ట ఉండాది" అన్నాడు.

"వచ్చి నువ్వే అడుగు" అన్నాను.

వాడొచ్చాడు, అడిగాడు. ఇద్దరం కలిసి పట్టుకున్నాం. చివరికి ఆయన ఒక మాట ఇచ్చాడు. పెద్ద గుంట పట్టుబడికి వచ్చింది, రొయ్య తయారుగా ఉంది, అది పట్టేసిన మర్నాడే గుండె డాక్టరు దగ్గరికి వస్తానన్నాడు. గుంట పట్టుబడికి వచ్చాక రైతును కదిలించడం దేవుడి వల్ల కూడా కాదు. ఒక్క వర్షం చాలు, ఒక్క తెగులు చాలు, మొత్తం చచ్చి తేలిపోతుంది. నాకూ తెలుసు. అందుకే ఒప్పుకున్నాం.

పట్టుబడి రోజు తెల్లారేసరికి వల వాళ్ళు వచ్చారు, ఐసు బండి వచ్చింది. ఆయన గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఏ పట్టుబడిలోనూ ఆయన కూర్చోవడం నేను చూడలేదు. నీళ్ళలోకి దిగే మనిషి, కేకలు పెట్టే మనిషి. సగం వల లాగాక ఎవరో మొదటి గంప తెచ్చి ఆయన ముందు పెట్టారు. వంగి ఒక రొయ్యను తీసుకుని వెలుతురుకు ఎత్తబోయాడు. చేయి సగంలో ఆగింది. పెదవులు నల్లబడ్డాయి. నోరు తెరిచి గాలి తాగుతున్నాడు గానీ అది లోపలికి పోవడం లేదు. నీళ్ళలోంచి తీసి ఒడ్డున వేసిన ప్రాణి ఎట్లా ఉంటుందో మాకు రోజూ తెలిసిందే. నాకు అంతకన్నా వేరే మాట దొరకడం లేదు.

పక్క గుంటలకు మేత తెచ్చిన వ్యాను గట్టు మీదే ఉంది. అందులో ఎక్కించాం. పడుకోబెడితే ఊపిరి ఆగుతోందని కూర్చోబెట్టి, వెనక నేను ఆనుకుని కూర్చున్నాను. ఆయన వీపు నా ఛాతీకి తగులుతోంది. లోపల గరగరమని చప్పుడు, హుక్కాలో నీళ్ళు పొంగినట్టు. వ్యాను కదిలాక వెనక్కి చూస్తే వల వాళ్ళు నిలబడిపోయి మా వైపే చూస్తున్నారు. తర్వాత ఎవరో కేక వేశారు, మళ్ళీ లాగడం మొదలుపెట్టారు. సగం లాగిన వల ఆపితే రొయ్య చస్తుంది. వాళ్ళ మీద నాకేమీ కోపం రాలేదు.

నెల్లూరులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. మాస్కు పెట్టి, ఇంజెక్షన్లు చేసి లోపలికి తీసుకుపోయారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది అన్నారు. మావాడు పోర్టు నుంచి యూనిఫారంతోనే వచ్చాడు. మా వదిన, అంటే ఆయన అక్క, వచ్చింది. ఎకో తీశాక ఒక నర్సు బయటికి వచ్చి, "పంపింగ్ బాగానే ఉందండి" అని చెప్పి వెళ్ళింది. ఆ ఒక్క మాటతో మా వాళ్ళందరికీ ప్రాణం లేచొచ్చింది. మా వైపు గుండె జబ్బు అంటే అడిగేది ఒక్కటే ప్రశ్న, పంపింగ్ ఎంత. అది బాగుందంటే మనిషి బాగున్నట్టే. వదిన అక్కడే దండం పెట్టుకుని, "పంపింగ్ బాగుండాదంట, ఇంకేం భయం లేదు" అని ఊరందరికీ ఫోన్లు చేసింది. లివర్ బాగుందని ఆయన చేసిన ఫోన్లు గుర్తొచ్చి నేను చెవులు మూసుకోవాలనుకున్నాను.

గుండె డాక్టరమ్మ నన్నూ మావాణ్ణీ లోపలికి పిలిచింది. చిన్నపిల్ల, మావాడి వయసే ఉంటుంది. నిదానంగా చెప్పింది.

"గుండె పిండడం బాగానే పిండుతోందమ్మా. వదలడం లేదు. కండరం గట్టిపడింది. వదులైతేనే గదా రక్తం వచ్చి నిండేది. నిండే చోటు లేక వెనక్కి తన్నుతోంది. ఆ ఒత్తిడికే ఊపిరితిత్తుల్లో నీరు, కాళ్ళలో నీరు, పొట్టలో నీరు. ఫ్యాటీ లివర్ ఉందని ఎప్పుడు తెలిసింది?"

చెప్పాను. ఇప్పుడు తగ్గిందని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో, ఆయన తరఫున చెప్పినట్టు చెప్పాను.

"తగ్గడం మంచిదేనమ్మా. కానీ లివర్‌కు కొవ్వు పట్టే ఒంట్లో గుండెకు కూడా లోలోపల చేటు జరుగుతూ ఉండొచ్చు. వీళ్ళలో చాలామంది ప్రాణం మీదకు వచ్చేది లివర్‌తో కాదు, గుండెతో. లివర్ ఒక్కటే చూసుకుంటూ కూర్చుంటారు" అంది. తిట్టినట్టు లేదు. రోజూ చెప్పే మాట చెప్పినట్టుంది. ఈ పూట గడవాలి, ఏ సంగతీ ఇప్పుడే చెప్పలేను అని కూడా అంది.

మావాడు సంతకాలు పెట్టడానికి వెళ్ళాడు. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. మధ్యాహ్నపు ఎండ నేల మీద పడుతోంది, ఎవరో తడిగుడ్డ వేస్తూ కాళ్ళెత్తమన్నారు, ఎత్తాను. అక్కడ కూర్చుని నేను ఆయన్ని పోగొట్టుకున్నాను. ఇది మాటవరసకు చెప్పడం లేదు. ఏ ఫొటో పెద్దది చేయించాలో ఆలోచించాను. మైపాడులో తీసింది బాగుంటుంది, అందులో నవ్వుతున్నాడు, కానీ చొక్కా పాతది అనుకున్నాను. ముందు ఎవరికి చెప్పాలి, వదినను ఎవరు పట్టుకోవాలి, ఇంటి ముందు టెంటు ఏ పక్కన వేస్తే ఎండ రాదు అనుకున్నాను. మావాడు పొద్దున ఏమీ తినలేదు, తల కొరివి పెట్టేవాడు ఖాళీ కడుపుతో ఉంటే కళ్ళు తిరుగుతాయేమో, ఇప్పుడే ఇడ్లీ తినిపించాలి అనుకున్నాను. తర్వాత బాత్‌రూంలోకి వెళ్ళి, కొళాయి తిప్పి, ఏడ్చాను. ఎంత ఉందో అంతా ఏడ్చాను. ముఖం కడుక్కుని వచ్చి మావాడికి ఇడ్లీ తినిపించాను.

ఆయన బతికాడు. ఒంట్లో నీరంతా మూత్రం రూపంలో తీసేశారు, మనిషి సగమై మంచం మీద కనిపించాడు. మాస్కు తీశాక మొదటి మాట, "పట్టుబడి ఎట్టొచ్చింది" అని. బాగా వచ్చింది అన్నాను. "డాక్టరమ్మ ఏమంది" అంటే ఆమె చెప్పినట్టే చెప్పాను. "అంటే మోటారు బాగుండాది. నీళ్ళు పట్టే కాడ వాల్వు బిగుసుకుపొయినాది. అంతే గదా" అన్నాడు. అంతే అన్నాను. అందరూ నవ్వారు, నర్సు కూడా. మా వదిన ఆనందంతో ఏడ్చింది. మావాడు బయటికి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాడు. నేను ఫ్లాస్కు కడగడానికి వెళ్ళాను.

ఇంటికొచ్చాక పనులు పెరిగాయి. పొద్దున్నే ఆయన్ని కాటా ఎక్కించాలి. ముందురోజుకన్నా బరువు పెరిగితే నీరు చేరినట్టు. ఉప్పు ఒంట్లో నీటిని పట్టేస్తుందంట, అందుకని ఉప్పు లేని పులుసు వండాలి. ఉప్పు లేని చేపల పులుసు నెల్లూరులో ఎవరికైనా పెడితే ఇంటి మీదకు గొడవకొస్తారు. ఆయన మాత్రం నోరెత్తకుండా తింటున్నాడు. ఎండు నెత్తళ్ళు, ఊరగాయలు పక్కింటికి ఇచ్చేశాను. నీళ్ళు కొలిచి ఇవ్వాలి, మాత్రలు వేళకు ఇవ్వాలి, చెప్పులు విప్పగానే పాదాల మీద వేలితో నొక్కి చూడాలి. అన్నీ చేస్తున్నాను. డాక్టరమ్మ రెండోసారి వెళ్ళినప్పుడు, "ఇంత బాగా చూసుకునేవాళ్ళు నాకు తక్కువ కనపడతారమ్మా" అంది. మావాడు గర్వంగా నా వైపు చూశాడు. నాకు మాత్రం ఆవిడ ఎవరి గురించో చెప్తున్నట్టుంది.

గుంటల మీద ఇప్పుడు నేనే. కూలికి ఒక మనిషిని పెట్టుకున్నాను గానీ చెక్ ట్రే నేనే లాగుతాను. ఒకరోజు ఎండ బాగా ఉన్నప్పుడు ఒక చిన్న రొయ్యను ఎత్తి చూస్తున్నాను. లివర్ నల్లగా, నిండుగా ఉంది. దించబోతుంటే ఆ ముద్దకు వెనక, దాన్ని ఆనుకునే, ఏదో సన్నగా కొట్టుకుంటోంది. కనురెప్ప అదిరినట్టు. అంతకన్నా పెద్దదేమీ కాదు. కూలి మనిషిని పిలిచి, ఇదేంది అన్నాను. అతను కళ్ళు చిట్లించి చూసి, "తెల్దక్కా, గుండేమో" అన్నాడు. ఇన్నేళ్ళుగా కొన్ని వేల రొయ్యలను ఎత్తి చూసి ఉంటాం నేనూ మా ఆయనా. లివర్‌ను ఆనుకునే ఉన్నదాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. చూడాల్సిన అవసరం రాలేదు. నీళ్ళలో వదిలేశాను. ఇంటికొచ్చి ఆయనకు చెప్పాలనుకున్నాను, మాత్రల వేళయింది, చెప్పలేదు.

ఆయన బాగా కోలుకున్నాడు. వీధి చివరి దాకా వెళ్ళి ఆగకుండా తిరిగి వస్తున్నాడు. మొదటిసారి అట్లా వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి, మెచ్చుకుంటానని చూశాడు. "చెప్పులు విప్పు, పాదాలు చూడాలి" అన్నాను.

మొన్న మధ్యాహ్నం భోజనం పెట్టి, నీళ్ళు కొలిచి గ్లాసులో పోస్తున్నాను. ఆయన ముద్ద కలపకుండా నా చేతి వైపే చూస్తున్నాడు.

"మే, నువ్వు నాతో ఎందుకు మాట్లాడవు?" అన్నాడు.

"పొద్దున్నుంచి మాట్లాడతానే ఉండా గదా."

"నా కాళ్ళతో మాట్లాడతావు. నా మాత్రలతో మాట్లాడతావు. పోనీ తిట్టనన్నా తిట్టవు. ఎన్నాళ్ళయింది నన్ను తిట్టి?"

నేను గ్లాసు పక్కన పెట్టాను. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక ఉండాలి, నాకు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. "ఆ రోజు ఆసుపత్రిలో నువ్వు పోయినావనుకున్నా. ఫొటో కూడా ఏది పెట్టాలో అనుకున్నా. ఉండే ఏడుపంతా అక్కడే ఏడ్చేసినా. నువ్వు తిరిగొచ్చినావు. నేను ఇంకా రాలేదు. ఎట్ట రావాలో తెలియడం లేదు" అన్నాను.

ఆయన పళ్ళెంలో ఉన్నదాన్ని వేళ్ళతో పక్కకు జరిపాడు. "భయమేసి పోలేదుమే గుండె డాక్టరు కాడికి" అన్నాడు. "లివరంటే మనకు తెలిసింది. గుండె సంగతి మనకేం తెలుసు. నవ్వతా తిరిగినా గానీ, నాకు తెలస్తానే ఉన్నింది."

గ్లాసు ఆయన ముందుకు జరిపాను. అనడానికి ఉన్నవన్నీ ఎప్పుడో అయిపోయాయి.

"సరే, నేను పోయినప్పుడు ఏడ్చినావు" అన్నాడు. "నేను వచ్చినప్పుడు ఏడవలేదు గదా. అది బాకీ ఉండాది. ఇప్పుడు ఏడువు."

తమాషాకు అన్నాడేమోనని ముఖం చూశాను. తమాషా కాదు. పళ్ళెం పక్కకు జరిపి, చేయి కడుక్కుని వచ్చి, నా పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను ప్రయత్నించాను. కళ్ళు మూసుకున్నాను, ఆ వ్యాను గుర్తు తెచ్చుకున్నాను, ఆయన వీపులో వినిపించిన ఆ గరగర గుర్తు తెచ్చుకున్నాను. ఏమీ రాలేదు. ఆయన నా చేయి తీసి తన ఛాతీ మీద పెట్టుకున్నాడు, వైద్యానికి కాదు, ఊరికే. అట్లా చాలాసేపు కూర్చున్నాం. నాకు రాలేదు. కాసేపటికి నా చేతి కింద ఆయన ఛాతీ అదిరింది, ఆయాసమేమోనని గబుక్కున కళ్ళు తెరిచాను. ఆయన ఏడుస్తున్నాడు.